మడ అడవి పద్దు: వెల కట్టిన చోట సాక్ష్యం ఎంత?

2008 మార్చి 28న సుప్రీంకోర్టు ఒక రేట్ల పట్టికను ఆమోదించింది. అటవీ భూమిని గనికో, ఆనకట్టకో, రోడ్డుకో తీసుకునేవారు హెక్టారుకు ఎంత చెల్లించాలో అందులో ఉంది. దీన్ని నికర వర్తమాన విలువ అంటారు. అటవీ శాఖ కాగితాల్లో ఎన్‌పీవీ. దేశంలోని అడవులను ఆరు తరగతులు చేసి, ఒక్కో తరగతిలో అడవి ఎంత దట్టంగా ఉందో దాన్ని బట్టి మూడు రేట్లు పెట్టారు. మొత్తం పద్దెనిమిది గడులు. అన్నిటికన్నా తక్కువ రేటు హెక్టారుకు 4.38 లక్షల రూపాయలు, అన్నిటికన్నా ఎక్కువ 10.43 లక్షలు.

కాకినాడ దగ్గర గోదావరి పాయల మధ్య పెరిగే కోరింగ మడ అడవి ఇందులో రెండో తరగతి: తీరప్రాంత, చిత్తడి అడవులు. పడమటి కనుమల్లోని సతతహరిత అడవి మొదటి తరగతి. ఈ రెండు తరగతుల రేట్లూ ఒక్కటే. 2008 పట్టికలో, బాగా దట్టంగా ఉంటే అక్కడా 10.43 లక్షలే, ఇక్కడా 10.43 లక్షలే. ఒక అడవి కొండ మీద వాననీటిని పట్టి వాగుల్లోకి వదులుతుంది. ఇంకొకటి ఉప్పు బురదలో నిలబడి ఉప్పెనకు అడ్డుపడుతుంది, రొయ్య పిల్లనీ చేప పిల్లనీ సాకుతుంది. చేసే పని వేరు, వాటి మీద బతికే మనుషులు వేరు. వెల మాత్రం ఒక్కటే ఎలా అయింది?

ఆవరణ వ్యవస్థలు చేసే సేవలకు రూపాయల్లో వెల కట్టి దేశపు లెక్కల్లో చేర్చాలన్న ప్రయత్నం ఇప్పుడు బలంగా సాగుతోంది. దాని ఉద్దేశం మంచిదని నేను నమ్ముతున్నాను. వెల లేని చోట పుస్తకంలో గడి ఖాళీగా ఉంటుంది, ఖాళీ గడిని చదివేవాళ్లు సున్నా అనే చదువుతారు. చెరువు పూడ్చినప్పుడూ, మడ నరికినప్పుడూ నష్టం సున్నాగానే లెక్కకు వచ్చింది. అయితే వెల అనేది చెట్టు ఎత్తులా, చుట్టుకొలతలా అడవిలో దొరికే కొలత కాదు. అది ఒక ప్రశ్నకు వచ్చిన జవాబు. ఏ ప్రశ్న వేశారో, ఏ సాక్ష్యంతో జవాబు చెప్పారో పక్కన లేకుండా అంకె ఒక్కటే తిరగడం మొదలైతే, అది ఎవరికి కావలసిన పనికి వాళ్లకు ఉపయోగపడుతుంది. మడ అడవిని ఉదాహరణగా తీసుకుని, ఏ అంకె ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

పద్దెనిమిది గడులు ఎలా నిండాయి

గోదావర్మన్ కేసుగా పేరుపడ్డ అటవీ వ్యాజ్యంలో 2005 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నుంచి ఈ కథ నడిచింది. అడవి పోతే కలప ఒక్కటే పోదు, అది చేసే సేవలూ పోతాయి, వాటికీ పరిహారం కట్టాలి అని ఆ తీర్పు సారం. వెల తేల్చడానికి ఆర్థికవేత్త కాంచన్ చోప్రా అధ్యక్షతన నిపుణుల సంఘం ఏర్పడింది. 2006లో నివేదిక ఇచ్చింది. దాన్ని పరిశీలించి, కోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ తన లెక్క వేసింది. కలప, వంటచెరకు, కలపేతర అటవీ ఫలసాయం, పశుగ్రాసం, పర్యాటకం, ఔషధాల వంటి వాటికి పనికొచ్చే జీవ వనరులు, పర్యావరణ సేవలు, ముఖ్యమైన వన్యప్రాణులు, కార్బన్: ఇవీ లెక్కలోకి వచ్చిన పద్దులు.

ఈ వరసలో తుఫాను రక్షణకు విడిగా పద్దు లేదు. చేపల నర్సరీకి లేదు. దేశమంతటికీ ఒకే పట్టిక కావాలంటే ఇలాంటి కుదింపు తప్పదు, ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ మడ అడవి ప్రత్యేకంగా చేసే రెండు పనులూ పద్దుల్లో పేరు పెట్టి లేనప్పుడు, ఆ రేటు మడ అడవి విలువ అని ఎవరైనా చెబితే ఒప్పుకోవడం కష్టం.

ఇంకో సంగతి. అభయారణ్యంలో భూమి తీసుకుంటే రేటు ఐదు రెట్లు, జాతీయ పార్కులో పది రెట్లు. కోరింగ 1978 నుంచి అభయారణ్యం, కాబట్టి అక్కడి బాగా దట్టమైన మడకు 2008 రేటు ప్రకారం హెక్టారుకు 52.15 లక్షలు అవుతుంది. ఈ ‘ఐదు’ను ఎవరూ కొలిచి తేలేదు. ఇక్కడ చెయ్యి పెట్టవద్దు అని గట్టిగా చెప్పడానికి కోర్టు ఎంచుకున్న సంఖ్య అది. విధానంగా నేను దాన్ని సమర్థిస్తాను. అభ్యంతరమల్లా, ఇలాంటి విధాన సంఖ్య నాలుగు చేతులు మారేసరికి శాస్త్రీయ అంచనాగా ఉటంకింపుల్లోకి ఎక్కడం మీదే.

2022లో కేంద్రం ఈ రేట్లను 1.53 రెట్లు పెంచింది. పై రేటు 15.95 లక్షలు దాటింది. పెంపుకు ఆధారం ధరల సూచీ. అంటే ఆ పద్నాలుగేళ్లలో అడవి గురించి మనం కొత్తగా నేర్చుకున్నదేమీ ఇందులో చేరలేదు, రూపాయి విలువ తగ్గినంత మేర అంకె పెరిగింది. మధ్యలో 2014 నాటికే భోపాల్‌లోని భారతీయ అటవీ నిర్వహణ సంస్థ అధ్యయనం కొన్ని రకాల అడవులకు హెక్టారుకు 55 లక్షల దాకా సూచించింది. ఒకే దేశం, ఒకే అడవులు, ఒకే పేరున్న కొలత. పద్దుల జాబితా, పద్ధతి మారితే అంకె ఎంత దూరం జరుగుతుందో ఇది చూపిస్తుంది.

పరిహారం లెక్క వేరు, ఖాతా లెక్క వేరు

పరిహారానికి వేసే ప్రశ్న: ఈ అడవి పోతే సమాజం ఎంత నష్టపోతుంది? దేశ ఆదాయ ఖాతాలో వేసే ప్రశ్న: ఈ ఏడాది ఈ అడవి అందించిన సేవ చేతులు మారి ఉంటే ఏ ధరకు మారేది? రెండూ దగ్గరగా కనిపిస్తాయి, జవాబులు మాత్రం ఎక్కడా కలవవు.

వేసవిలో 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్ 20 రూపాయలకు దొరుకుతోంది అనుకుందాం. అసలు నీళ్లే లేని పరిస్థితి వస్తే అదే ఇల్లు 200 ఇచ్చి అయినా కొంటుంది. ఖాతాలో రాసేది 20 మాత్రమే. మిగిలిన 180ని అర్థశాస్త్ర పుస్తకాలు వినియోగదారుని మిగులు అంటాయి. అది ఆ ఇంటికి దక్కిన మేలు, కానీ లావాదేవీ కాదు. స్థూల దేశీయోత్పత్తి అంతా ఈ 20 రూపాయల పద్ధతిలో, అంటే వినిమయ విలువలో కడతారు. దాని పక్కన అడవి ఖాతా పెట్టి పోల్చాలంటే అడవి సేవనూ ఆ పద్ధతిలోనే కట్టాలి. 200 పద్ధతిలో కట్టిన అడవిని 20 పద్ధతిలో కట్టిన జీడీపీ పక్కన పెడితే, అడవి కొండంత కనిపిస్తుంది. అది అడవికి జరిగిన న్యాయం కాదు, కొలబద్దలు కలిసిపోవడం.

1997లో రాబర్ట్ కోస్టాంజా, సహ పరిశోధకులు ప్రపంచ ఆవరణ వ్యవస్థల 17 సేవలకు ఏటా 16 నుంచి 54 లక్షల కోట్ల డాలర్లు, సగటున 33 లక్షల కోట్ల డాలర్లు అని లెక్క వేశారు. అప్పటి ప్రపంచ ఉత్పత్తి అంతా కలిపి సుమారు 18 లక్షల కోట్ల డాలర్లు. ఆ వ్యాసం లోకం కళ్లు తెరిపించింది, అది చిన్న పని కాదు. అయితే చెల్లించే సుముఖత ఆధారంగా కట్టిన మొత్తం, చెల్లించేవాళ్ల ఆదాయాన్ని మించిపోవడం ఆ లెక్క లోపలి చిక్కును చూపిస్తుంది. ఇంకో చిక్కు హెక్టారు విలువను మొత్తం వైశాల్యంతో గుణించడం. వంద హెక్టార్ల మడలో ఒక హెక్టారు పోయినప్పటి నష్టం, మిగిలిన ఒకే ఒక్క హెక్టారు పోయినప్పటి నష్టం ఒకటి కావు. అందుకే 405 చదరపు కిలోమీటర్ల ఆంధ్రప్రదేశ్ మడ అడవిని (2021 అటవీ నివేదిక అంకె ఇది) ఏదో ఒక హెక్టారు రేటుతో గుణించి ఈ వ్యాసంలో పెద్ద మొత్తం చూపించడం లేదు.

ఐక్యరాజ్యసమితి గణాంక కమిషన్ 2021 మార్చిలో ఆవరణ వ్యవస్థల ఖాతాల విధానాన్ని ఆమోదించింది. ఆ ఆమోదంలో ఒక విభజన ఉంది, దాన్ని మన చర్చల్లో తరచు వదిలేస్తున్నారు. మొదటి ఏడు అధ్యాయాలు, అంటే విస్తీర్ణం, ఆరోగ్యస్థితి, సేవల భౌతిక పరిమాణం, అంతర్జాతీయ గణాంక ప్రమాణంగా అంగీకారం పొందాయి. డబ్బులో వెల కట్టే 8 నుంచి 11 అధ్యాయాలకు ఆ హోదా దక్కలేదు. వాటిని గుర్తింపు పొందిన సూత్రాలు, సిఫారసులుగా మాత్రమే చేర్చారు. ఎన్ని టన్నులు, ఎన్ని హెక్టార్లు అన్న చోట దేశాలు ఒక మాట మీదికి వచ్చాయి, ఎన్ని రూపాయలు అన్న చోట రాలేదు. మన దేశంలో పార్థ దాస్‌గుప్తా నాయకత్వంలోని నిపుణుల బృందం 2013లోనే హరిత జాతీయ ఖాతాలకు చట్రం గీసింది. తర్వాత ఐరోపా సమాఖ్య సాయంతో నడిచిన ప్రాజెక్టులో కర్ణాటకకు ప్రయోగాత్మక ఖాతాలు తయారయ్యాయి. కేంద్ర గణాంక శాఖ ‘ఎన్విస్టాట్స్’ పేరుతో నివేదికలు వెలువరిస్తోంది. తెలుగు తీరానికి అలాంటి వివరమైన ఖాతా కట్టే రోజు రావాలి. ఏ సాక్ష్యం మీద కట్టాలన్నదే తర్వాతి ప్రశ్న.

ఉప్పెన ముందు నిలబడ్డ మడ

మడ అడవికి కట్టే వెలలో పెద్ద వాటా తుఫాను రక్షణదే అవుతుంది. కాబట్టి సాక్ష్యం గట్టిగా ఉండాల్సింది అక్కడే. ఆ విషయంలో ఒడిశా మనకన్నా ముందుంది. అందుకు అది చెల్లించిన మూల్యం 1999 అక్టోబర్ 29 నాటి సూపర్ సైక్లోన్.

అక్కడి భితర్‌కనిక మడ అడవి దగ్గర మూడు ఊళ్లను పోల్చి రుచి బడోలా, ఎస్.ఎ. హుస్సేన్ 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. మడ అడ్డం ఉన్న ఊళ్లో ఇంటికి సగటు నష్టం 33.31 డాలర్లు. మడా కట్టా రెండూ లేని ఊళ్లో 44.02. మడ లేకుండా కరకట్ట మాత్రమే ఉన్న ఊళ్లో 153.74. చూడగానే మడకు ఘన విజయం. కట్ట ఉన్న ఊరికి అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగిందన్న సంగతి ఇంజనీర్లను ఆలోచింపజేయాలి కూడా. కానీ ఊళ్లు మూడే. ఒక ఊరు కాస్త పల్లంలో ఉందా, ఒక ఊళ్లో డాబాలు ఎక్కువా, ఒక ఊరు గాలి నేరుగా తాకే వైపున ఉందా అన్న తేడాలను మూడు ఊళ్లతో విడదీయలేం. ఈ అధ్యయనం ఒక మంచి ప్రశ్నను నిలబెట్టింది. వెల కట్టడానికి అంతమాత్రం చాలదు.

సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ 2009లో ప్రచురించిన పని వేరే స్థాయిలో ఉంటుంది. కేంద్రపడా జిల్లాలో 409 ఊళ్లు తీసుకుని, ఊరికీ తీరానికీ మధ్య మడ ఎంత వెడల్పు ఉంది, ఆ ఊళ్లో ఎంతమంది చనిపోయారు అని చూశారు. తీరం నుంచి దూరం వంటి అనేక తేడాలను లెక్కలోకి తీసుకున్నారు. ఇంకో అడుగు వేసి, పూర్వం మడ ఎక్కడిదాకా ఉండేదో కూడా చేర్చారు. దీని అవసరం ఉంది: మడ నరికి ఊరు కట్టుకున్న చోటు సహజంగానే పల్లపు నేల అయి ఉంటుంది, అక్కడ చావులు ఎక్కువైతే అది మడ లేకపోవడం వల్లనా, నేల తీరు వల్లనా అన్న అనుమానం మిగులుతుంది. ఇవన్నీ చేర్చాక కూడా వెడల్పైన మడ వెనక ఉన్న ఊళ్లలో చావులు తక్కువగానే తేలాయి. ఉన్న మడ కూడా లేకపోయి ఉంటే, తీరానికి పది కిలోమీటర్ల లోపు ఊళ్లలో ఊరికి సగటున 1.72 మరణాలు అదనంగా జరిగేవని వారి అంచనా.

నాకు ఈ అధ్యయనం మీద గౌరవం పెంచింది ఇంకో ఫలితం. ప్రభుత్వం ముందుగా చేసిన హెచ్చరిక, మడ కన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడిందని వారే రాశారు. మడను ప్రేమించే పరిశోధకుడికి ఈ వాక్యం దాచిపెట్టాలని అనిపించవచ్చు. దాచకపోవడం వల్లే మొదటి ఫలితాన్ని నమ్మగలుగుతున్నాం. పైగా వెల కట్టేవాళ్లకు ఇందులో ఒక పాఠం ఉంది. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు. 1999లో వేలల్లో జరిగిన మరణాలు ఈసారి పదుల్లో ఆగాయి. మనుషులే లేని ఊరి ముందు మడ ఎన్ని ప్రాణాలు కాపాడుతుంది? మడ అదే, దాని ‘ప్రాణరక్షణ విలువ’ మాత్రం బస్సులు, షెల్టర్లు, సెల్‌ఫోన్ సందేశాలు వచ్చాక తగ్గిపోయింది. ఇళ్లు, పొలాలు, పశువులను కాపాడే విలువ అలా తగ్గదు, వాటిని బస్సెక్కించలేం. అంచనా వేసిన సంవత్సరం చెప్పకుండా వెల చెప్పడంలో ఉన్న ప్రమాదం ఇదే.

ఆస్తి నష్టంతో కడితే ఇంకో చిక్కు, అది మనసుకు కష్టం కలిగించేది. మడ వెనక ఓడరేవూ గోదాములూ ఉంటే తప్పిన నష్టం కోట్లలో కనిపిస్తుంది. అదే మడ వెనక పూరిళ్ల పల్లె ఉంటే, ఇల్లు మొత్తం కొట్టుకుపోయినా లెక్కలో చేరేది తాటాకులు, వెదుళ్లు, రెండు వలలు, ఒక నాటు పడవ. అంటే పేదల ముందు నిలబడ్డ మడ చవక మడ అవుతుంది. వినిమయ విలువ సూత్రం ప్రకారం ఇది తప్పు లెక్క కాదు, అందుకే మరింత జాగ్రత్త పడాలి. ఈ అంకెను ఖాతాలో రాయవచ్చు. ఏ మడను ముందు కాపాడాలో తేల్చడానికి వాడకూడదు. అందుకు ఎన్ని ఇళ్లు, ఎంతమంది మనుషులు అన్న భౌతిక పట్టిక పక్కనే ఉండాలి.

ఒడిశా ఫలితాన్ని తెచ్చి కోరింగకు అతికించవచ్చా? నా జవాబు: నేరుగా కుదరదు. కాకినాడ తీరానికి ఎదురుగా హోప్ ఐలాండ్ అనే పొడవైన ఇసుక దిబ్బ ఉంది. అలల ఉధృతిని కొంత అదే ఆపుతుంది. దాని లోపలి ఖాతంలో మడ ఉంది. ఏదైనా తుఫానులో అక్కడి ఊళ్లకు తక్కువ నష్టం జరిగితే, అందులో దిబ్బ వాటా ఎంత, మడ వాటా ఎంత? విడదీయకుండా మొత్తం మడ ఖాతాలో వేస్తే అది మడకు చేసే మేలు కాదు. రేపు ఎవరో ఒక ఇంజనీరు అది తప్పని చూపిస్తే మిగతా అంకెలన్నిటినీ జనం అనుమానిస్తారు. కోరింగ రేవును 1839 ఉప్పెన తుడిచిపెట్టిందన్న చరిత్ర కూడా మనం మరచిపోకూడదు. ప్రకృతి కవచాలకూ హద్దులున్నాయి.

వల, డీజిల్, ఐసు

చేపల పద్దు సులువనిపిస్తుంది, ఎందుకంటే చేపకు మార్కెట్ ధర ఉంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. రేవులో అమ్ముడుపోయిన చేప విలువంతా మడ సేవ కాదు. అందులో బోటు, వల, డీజిల్, ఐసు, సరంగు, కళాసీల కష్టం ఉన్నాయి. అవన్నీ తీసేస్తే మిగిలేది ప్రకృతి వాటా. మన అర్థశాస్త్ర పాఠాల్లో దాన్ని భాటకం అంటారు. పైగా అమ్మిన చేప ఇప్పటికే జీడీపీలో ఉంది. మడ ఖాతాలో మళ్లీ కొత్త సంపదగా కూడితే ఒకే చేపను రెండుసార్లు లెక్కపెట్టినట్టు. ఖాతాలో చేయవలసింది, ఉన్న మొత్తంలో ప్రకృతి వాటా ఇంత అని విడదీసి చూపడం.

ఇప్పుడు చూడండి. వేటకు ఎవరైనా వెళ్లగలిగిన చోట, లాభం కనిపించినంత కాలం కొత్త పడవలు దిగుతూనే ఉంటాయి. చివరికి పడవకు వచ్చేది ఖర్చులకే సరిపోతుంది. కెనడా ఆర్థికవేత్త హెచ్. స్కాట్ గోర్డన్ 1954లోనే ఈ సంగతి వివరించాడు. అంటే భాటకం సున్నాకు చేరుతుంది. ఈ పద్ధతి ప్రకారం వందల కుటుంబాలను పోషించే ఉప్పుటేరు విలువ సున్నా అని రావచ్చు! అంకె సరిగ్గానే వచ్చింది, కానీ అది చెబుతున్నది ఉప్పుటేరు గురించి కాదు. ఆ వేటను మనం ఎలా నిర్వహిస్తున్నామో చెబుతోంది. తెలియనివాడు చదివితే ఆ ఏరును పూడ్చేయవచ్చు అనుకుంటాడు.

పాయల్లో మండపీతలు పట్టుకుని కొంత అమ్మి, కొంత వండుకునే కుటుంబం సంగతి ఇంకా లోతైనది. ఇంట్లో తిన్నది చాలాసార్లు ఏ లెక్కలోనూ సరిగా పడదు. ప్రకృతి ఆర్థిక విలువ మీద పవన్ సుఖ్‌దేవ్ నాయకత్వంలో జరిగిన ‘టీబ్’ అధ్యయనం దీన్ని పేదల జీడీపీ అన్న మాటతో పట్టుకుంది. భారత జీడీపీలో వ్యవసాయం, అడవులు, చేపల వాటా 16.5 శాతం ఉంటే, వాటి మీదే ఆధారపడ్డ పేద కుటుంబాల ఆదాయంలో ప్రకృతి సేవల వాటా 47 శాతం అని అంచనా వేసింది. ఎంత వెల అని అడగడం కన్నా ఎవరి బతుకులో ఎంత వాటా అని అడగడం ఇక్కడ ఎక్కువ విషయం చెబుతుంది. తీర మండలాల స్థాయిలో ఇలాంటి సర్వే చేయడం అసాధ్యమేమీ కాదు.

కూడకూడని అంకెలు

చెట్టు ఇచ్చే ఆక్సిజన్‌కు వెల కట్టడం మనకు బాగా అలవాటైంది. 1979లో కలకత్తా విశ్వవిద్యాలయ ఆచార్యుడు టి.ఎం. దాస్ యాభై ఏళ్ల చెట్టుకు 15.7 లక్షల రూపాయలు కట్టిన లెక్క బాగా ప్రచారం పొందింది. పశ్చిమ బెంగాల్‌లో రైలు పట్టాల మీదుగా కట్టే రోడ్డు వంతెనల కోసం 356 చెట్లు కొట్టే వ్యవహారంలో సుప్రీంకోర్టు నియమించిన నిపుణుల సంఘం, చెట్టుకు ఏడాదికి 74,500 రూపాయలు అని చెప్పింది. అందులో 45,000 ఆక్సిజన్‌దే. చెట్లను కాపాడాలన్న ఆ సంఘం తపన నాదీ. కానీ ఈ పద్దు నిలవదు. గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉంది, కొన్ని చెట్లు కొట్టినంత మాత్రాన అది కొరత పడదు. సిలిండర్ ధరలో మనం కొనేది శుద్ధి, పీడనం, ఇనుప సీసా, రవాణా. ముదిరిన అడవి విడుదల చేసిన ఆక్సిజన్‌లో చాలా భాగం ఆకులు కుళ్లేటప్పుడూ జీవులు శ్వాసించేటప్పుడూ తిరిగి ఖర్చవుతుంది. నీడ, చల్లదనం, దుమ్ము పట్టడం, వరద నెమ్మదించడం వంటి కొలవగలిగిన మేళ్లు అన్ని ఉండగా, బలహీనమైన పద్దును పెద్దది చేసి పెట్టడం వల్ల వాదనంతా బలహీనపడుతుంది.

పులుల అభయారణ్యాల అంకెలు ఇంకో హెచ్చరిక. భోపాల్ అటవీ నిర్వహణ సంస్థే 2015లో కార్బెట్, సుందరబన్స్ సహా ఆరు అభయారణ్యాలకు ఏటా ఒక్కోదానికి 830 కోట్ల నుంచి 1,760 కోట్ల రూపాయల ప్రయోజనాలు లెక్క వేసింది. 2019లో నాగార్జునసాగర్–శ్రీశైలం సహా ఇంకో పది అభయారణ్యాలకు వేసిన లెక్కలో అవి సుమారు 5,095 కోట్ల నుంచి 16,202 కోట్ల వరకు వచ్చాయి. అడవులు వేరు కాబట్టి నేరుగా పోల్చకూడదు. అయినా రెండో విడతలో అన్నిటికన్నా తక్కువ అంకె మొదటి విడతలో అన్నిటికన్నా ఎక్కువ దానికి దాదాపు మూడింతలుందంటే, ఆ తేడా అంతా పులుల నేలలో ఉందని నమ్మలేం. పద్ధతి మారిందేమో ముందు చూడాలి. నల్లమల అంకెను కర్నూలులోనో, నాగర్‌కర్నూల్‌లోనో సభలో చదివేవారు ఆ పద్దుల జాబితా కూడా చదవాలని నా మనవి.

కార్బన్ ధర మరో ఉదాహరణ. ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ వల్ల సమాజానికి జరిగే నష్టాన్ని అమెరికా ప్రభుత్వం 2021లో 51 డాలర్లుగా తీసుకుంది. అక్కడి పర్యావరణ సంస్థే 2023లో 190 డాలర్లు అంది. మడ బురదలో దాగిన కార్బన్ ఒక్క గ్రాము కూడా మారకుండా దాని వెల దాదాపు నాలుగింతలైంది. రేపటి డబ్బును నేటి విలువలోకి తగ్గించే డిస్కౌంట్ రేటు చేసే పని ఇంతకన్నా ఎక్కువ. యాభై ఏళ్ల తర్వాత అందే 100 రూపాయల సేవ నేటి విలువ, 2 శాతం రేటుతో 37 రూపాయలు, 5 శాతంతో 8.70, 10 శాతంతో 85 పైసలు. మనవళ్ల కాలపు మడకు 85 పైసలా, 37 రూపాయలా అన్నది ఏ క్షేత్ర పరిశీలనా తేల్చదు. అది మనం చెప్పుకోవాల్సిన మాట, చెప్పి రాయాల్సిన మాట.

రొయ్యల చెరువు ఎదుట

ఇన్ని అనుమానాల తర్వాత వెల కట్టడం మానేయమని నేను చెప్పడం లేదు. ఎందుకో చెప్పడానికి రొయ్య చాలు.

1996 డిసెంబర్ 11న తీర రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, నాగ్‌పూర్‌లోని ‘నీరీ’ పర్యావరణ పరిశోధన సంస్థ వేసిన వ్యయ ప్రయోజనాల లెక్క ముఖ్యమైన ఆధారం. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు తీరాల్లో రొయ్యల అమ్మకంతో వచ్చే ఆదాయం కన్నా పర్యావరణానికి, జీవనోపాధులకు జరిగే నష్టం ఎక్కువని ఆ నివేదిక చెప్పింది. దాని పద్ధతి మీద వాదించవచ్చు. కానీ ఉప్పెక్కిన బావులకూ, పోయిన మేత భూములకూ ఎవరో అంకె వేయకపోతే, కోర్టు ముందు ఎగుమతి డాలర్ల అంకె ఒక్కటే ఉండేది.

థాయ్‌లాండ్ మడల మీద ఆర్థికవేత్త ఎడ్వర్డ్ బార్బియర్ చేసిన పని దీన్ని మరింత విడమరిచింది. 1996 ధరల్లో, హెక్టారు మడను రొయ్యల చెరువుగా మారిస్తే యజమానికి వచ్చే లాభం సుమారు 9,600 డాలర్లు. సబ్సిడీలు తీసేసి చూస్తే అది సుమారు 1,200కు పడిపోయింది. వదిలేసిన చెరువును మళ్లీ మడగా మార్చాలంటే 9,300 దాకా ఖర్చు. మడను మడగా ఉంచితే సుమారు 10,000 నుంచి 12,000. ఈ నాలుగు అంకెల్లో నన్ను ఎక్కువగా ఆపింది రెండోది. మడ ఎంత విలువైనదో తేలకముందే, చెరువు లాభంలో అధిక భాగం ప్రజల సొమ్మేనని తేలిపోయింది. ప్రకృతికి వెల కట్టే ముందు దాన్ని తొలగించే పనికి మనం ఇస్తున్న సొమ్మును లెక్క కట్టడం సులువు, సాక్ష్యమూ గట్టిది.

మడ పక్షం అంకెను మాత్రం జాగ్రత్తగా చదవాలి. అందులో వంటచెరకు, తేనె, పీతలు, చేపల నర్సరీ అన్నీ కలిపినా 1,200 నుంచి 1,600 డాలర్ల లోపే. మిగిలినదంతా తుఫాను రక్షణ. అంటే మడ గెలుపు ఆ ఒక్క పద్దు మీద ఆధారపడి ఉంది. బార్బియర్ ఆ పద్దును తప్పిన నష్టం పద్ధతిలో కట్టాడు. దాని బదులు, మడ చేసే పనిని అలల గోడ కట్టి చేయిస్తే ఎంతవుతుంది అన్న పద్ధతి వాడితే విలువ కొన్ని రెట్లు ఎక్కువ వస్తుందని అతనే చూపించాడు. ఆ రెండో పద్ధతి మన నివేదికల్లో చాలా ప్రియమైనది, కారణం ఇంజనీరింగ్ ఎస్టిమేట్ సులువుగా దొరుకుతుంది. కానీ మడ పోతే నిజంగా ఆ గోడ కడతారా, కట్టినా ఆ ఊరి ముందు కడతారా అని అడగకుండా ఆ ఖర్చును విలువ అనలేం.

గోదావరి మొగల మడకు ఒక ఖాతా కట్టాల్సి వస్తే నేను కోరేది ఇలా ఉంటుంది. మొదటి పుటలో రూపాయి గుర్తే ఉండదు. ఎన్ని హెక్టార్లు, ఏ పాయ ఒడ్డున, మడ జాతుల్లో నల్లమడ ఎంత, తిల్ల ఎంత, ఎక్కడ పలచబడింది. ఏటిలో మంచినీరు ఏ నెలలో ఎంత దిగుతోంది, ఒండ్రు ఎంత వస్తోంది. ఎగువన కట్టిన ఆనకట్టల వెనక ఆగిన ఒండ్రు ఈ మడకు అందడం లేదు కాబట్టి ఆ వరస తప్పనిసరి. మడ వెనక ఎన్ని ఇళ్లు, అందులో ఎన్ని పూరిళ్లు. పీతల మీద, చేపల మీద ఎన్ని కుటుంబాలు, ఏ నెలల్లో.

రెండో పుటలో రూపాయలు. చేపల భాటకం, ఖర్చుల వివరంతో. తప్పిన ఆస్తి నష్టం, ఒక్క అంకెగా కాకుండా ఇంత నుంచి ఇంత అన్న హద్దులతో, హోప్ ఐలాండ్ వాటాను విడదీసే ప్రయత్నం జరిగాక మాత్రమే. కార్బన్, ఏ ధర వాడారో అదే గడిలో రాసి. ప్రతి అంకె పక్కన సంవత్సరం, పద్ధతి. మిగిలిన సేవలకు, సాక్ష్యం చాలని చోట, గడిని ఖాళీగా వదలకుండా, సున్నా వేయకుండా, ‘ఉంది, ఇంకా వెల కట్టలేదు’ అని తెలుగులో రాసి, దాన్ని మొదటి పుటలోని హెక్టార్ల వరసకు కలపాలి.